చిట్టా ఒకటే, ఆవర్జాలు రెండు

ఆ టేబుల్‌లో మామూలుగా ఉండేవి నాలుగైదు వందల వరుసలు. పంపాల్సిన మెసేజ్‌ల జాబితా అది. కొత్త మెసేజ్ వస్తే ఒక వరుస చేరుతుంది, పంపడం మొదలవగానే ఆ వరుసలో స్థితి మారుతుంది, పంపేశాక వరుస పోతుంది. సాయంత్రం వరకు చిటికెలో జవాబిచ్చిన క్వెరీ తెల్లారేసరికి సెకన్లకు సెకన్లు తీసుకుంటోంది. కోడ్‌ని ఎవరూ ముట్టుకోలేదు, సర్వర్ మారలేదు. వరుసలు లెక్కపెడితే ఎప్పటిలాగే వందల్లోనే ఉన్నాయి. డిస్క్ మీద ఆ టేబుల్ ఫైలు మాత్రం ఉబ్బిపోయి ఉంది.

కారణం పట్టుకునేసరికి మధ్యాహ్నమైంది. ముందురోజు ఇంటికెళ్లే తొందరలో మాలో ఒకరు ట్రాన్సాక్షన్ తెరిచి, ఇంకేదో టేబుల్‌లో ఒక్క వరుస దిద్ది, కమిట్ చేయడం మరిచి ఆ విండోని అలాగే వదిలేశారు. ఆ ఒక్క పని ముగియనందువల్ల, రాత్రంతా పోగైన పాత వరుసల్ని మా డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్ ఊడవలేకపోయింది. తప్పు మాదే. డేటాబేస్ తన నియమం ప్రకారం నడుచుకుంది. ఆ నియమం ఒకటుందని ఆ రోజు దాకా మాలో చాలామందికి తెలియదు.

పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌లలో ఏది ఫాస్ట్ అని ఎవరైనా అడిగితే నాకు ఆ ఉదయమే గుర్తొస్తుంది. సమాచారాన్ని దిద్దడానికి ఒక ఖర్చుంటుంది. ఏ డేటాబేసూ దాన్ని మాఫీ చేయలేదు. ఆ ఖర్చు ఇప్పుడే కట్టాలా, తర్వాత కట్టాలా, రాసేవాడు కట్టాలా, చదివేవాడు కట్టాలా అన్నది మాత్రం నిర్ణయించగలదు. ఈ రెండు డేటాబేసులూ ఆ ఒక్క చోట వేర్వేరు నిర్ణయాలు తీసుకున్నాయి. వాటి మధ్య వేగంలో కనబడే తేడాల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

ఒక ఆలోచన, రెండు వంశాలు

1970లో ఐబీఎం శాన్ హోసే పరిశోధనశాలలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. సమాచారం డిస్క్ మీద ఎలా పేర్చి ఉందో వాడేవాళ్లకు తెలియనక్కర్లేదు, టేబుళ్లుగా భావించి ఏం కావాలో అడిగితే చాలు, వెతికే దారి యంత్రమే చూసుకోవాలి అన్నది దాని సారం. ఆ ఆలోచన మీద ఐబీఎంలోనే సిస్టమ్ ఆర్, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇంగ్రెస్ తయారయ్యాయి. ఇంగ్రెస్ నిర్మించిన మైకేల్ స్టోన్‌బ్రేకర్ దాని తర్వాతి మెట్టుగా 1986లో మొదలుపెట్టిన ప్రాజెక్టుకు పోస్ట్‌గ్రెస్ అని పేరు పెట్టారు. 1996లో దాని పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌గా మారినా, నోటి మాటలో పాత పేరే నిలిచింది.

మైఎస్‌క్యూఎల్ పుట్టింది 1995లో, స్వీడన్‌లో. మైకేల్ విడెనియస్, డేవిడ్ ఆక్స్‌మార్క్, అలన్ లార్సన్ దాన్ని తయారుచేశారు. పేరులోని ‘మై’ విడెనియస్ కూతురి పేరు. తొలి రోజుల్లో దానికి ట్రాన్సాక్షన్లు లేవు. ఒక వరుస దిద్దాలన్నా టేబుల్ మొత్తానికి తాళం పడేది. లక్షమంది చదివి పదిమంది రాసే వెబ్‌సైట్లకు అది చక్కగా సరిపోయింది. ‘మైఎస్‌క్యూఎల్ వేగం, పోస్ట్‌గ్రెస్ నిదానం’ అన్న మాట ఆ కాలం నాటిది. అప్పుడు పోల్చినవి ఒకే పని చేసే రెండు యంత్రాలు కావు. ఒకటి కరెంటు పోయినా లెక్క తప్పనని మాట ఇచ్చేది, రెండోది ఆ మాట ఇవ్వకుండానే పరుగెత్తేది.

ఫిన్లాండ్‌కు చెందిన హేకీ టూరీ తయారుచేసిన ఇన్నోడీబీ వచ్చాక మైఎస్‌క్యూఎల్ కూడా ఆ మాట ఇవ్వగలిగింది. మైఎస్‌క్యూఎల్ లోపల సమాచారాన్ని దాచే విభాగం అది. 2010లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి అడక్కుండానే అమరే విభాగంగా మారింది. మైఎస్‌క్యూఎల్‌ను 2008లో సన్ సంస్థ కొంది, 2010లో సన్‌ను ఒరాకిల్ కొంది. విడెనియస్ తన చిన్న కూతురు మరియా పేరుతో మరియాడీబీ అనే మరో శాఖ మొదలుపెట్టారు. ఇక్కడి నుంచి మైఎస్‌క్యూఎల్ అన్నప్పుడల్లా ఇన్నోడీబీతో ఉన్నదనే అర్థం.

ముందు చిట్టా, తర్వాత ఆవర్జా

చేతిరాత లెక్కలున్న కొట్లలో రెండు పుస్తకాలుండేవి. రోజంతా జరిగినవి జరిగిన వరుసలోనే చిట్టాకెక్కేవి. తీరిక దొరికాక గుమాస్తా ఒక్కో పద్దునీ ఎవరి ఖాతాలోకి వాళ్లది ఆవర్జాకి ఎక్కించేవాడు. బేరం నడుస్తుండగా ఆవర్జాలో పేజీలు తిరగేస్తూ కూర్చుంటే ఎదుటి మనిషి ఆగడు. చిట్టా అయితే చివర ఒక పంక్తి చేర్చడమే. ఆవర్జా తడిసి పాడైనా చిట్టా చూసి మళ్లీ రాసుకోవచ్చు.

డేటాబేసులు రెండూ చేసేది అచ్చంగా ఇదే. పోస్ట్‌గ్రెస్ తన చిట్టాని వాల్ అంటుంది, ఇన్నోడీబీ రీడూ లాగ్ అంటుంది. కమిట్ అయిందంటే ఆ పద్దు చిట్టాలో పడి డిస్క్ మీద నిలిచిందని అర్థం. అసలు టేబుల్ పేజీలు పోస్ట్‌గ్రెస్‌లో 8 కేబీవి, ఇన్నోడీబీలో 16 కేబీవి. అవి ముందు మెమరీలో మారతాయి, డిస్క్‌కి తర్వాత చేరతాయి. మధ్యలో కరెంటు పోతే, మళ్లీ లేవగానే చిట్టా చదివి ఆవర్జా సరిచేసుకుంటాయి.

ఇంతవరకు రెండింటికీ తేడా లేదు. తేడా ఆవర్జా దిద్దే పద్ధతిలో ఉంది.

ఒక్క వరుస దిద్దితే ఏం జరుగుతుంది?

ఒక ఖాతాలో 5,000 రూపాయలున్నాయి. 500 తీశారు. అదే సమయానికి, కాస్త ముందుగా మొదలైన నెలవారీ నివేదిక ఒకటి ఖాతాలన్నీ కూడుతూ వస్తోంది. అది మొదలైన క్షణానికి ఉన్న నిల్వలే దానికి కనబడాలి. అంటే కొత్త విలువ 4,500, పాత విలువ 5,000 రెండూ కొంతసేపు కలిసి బతకాలి.

ఇన్నోడీబీ వరుస ఉన్నచోటనే 5,000 తీసి 4,500 రాస్తుంది. పాత విలువను అన్‌డూ లాగ్ అనే పక్క పుస్తకంలో దాచి, దాని జాడ వరుసలో గుర్తుపెడుతుంది. నివేదిక ఆ వరుస దగ్గరికి వచ్చినప్పుడు ‘ఇది నా తర్వాత మారింది’ అని గ్రహించి, ఆ జాడ పట్టుకుని వెనక్కి వెళ్లి 5,000 చదువుకుంటుంది. ఒరాకిల్ డేటాబేస్ పద్ధతి కూడా ఈ కోవదే.

పోస్ట్‌గ్రెస్ పాత విలువను చెరపదు. 4,500తో కొత్త వరుసే రాస్తుంది. ప్రతి వరుస నెత్తిన రెండు నంబర్లుంటాయి: దాన్ని పుట్టించిన ట్రాన్సాక్షన్ ఏది, కొట్టేసిన ట్రాన్సాక్షన్ ఏది. చదివేవాళ్లు ఆ నంబర్లు చూసి తమ కాలానికి ఏ వరుస చెల్లుతుందో తేల్చుకుంటారు. పాత వరుస ఎవరికీ అక్కర్లేనిదయ్యాక వాక్యూమ్ అనే ఊడ్చే పని వచ్చి ఆ చోటు ఖాళీ చేస్తుంది. ఎవరికైనా అవసరం పడొచ్చని అనుమానం ఉన్నంతవరకు ముట్టుకోదు. ఆ రాత్రి మా టేబుల్ ఉబ్బింది అందుకే. తెరిచి వదిలేసిన ట్రాన్సాక్షన్ రేపు లేచి పాత వరుసలు అడిగితే చూపించాలి కదా.

ఈ పద్ధతి వెనుక ఒక ఉద్దేశం ఉంది. స్టోన్‌బ్రేకర్ బృందం పాతదాన్ని ఎప్పటికీ ఉంచేసి, ‘పోయిన నెల ఈ టేబుల్ ఎలా ఉంది?’ అని అడిగినా జవాబివ్వాలనుకుంది. ఆ సదుపాయాన్ని తర్వాత తీసేశారు. చెరపకుండా కొత్తది రాసే అలవాటు మాత్రం నిలిచిపోయింది. 1999లో వచ్చిన 6.5లో, చదివేవాళ్లు రాసేవాళ్లని ఆపకుండా ఉండే ఏర్పాటుకు ఆ అలవాటే పునాది అయింది.

ఇప్పుడు ఖర్చులు చూడండి. పది లక్షల వరుసలు దిద్దాక పని రద్దు చేయాల్సి వచ్చిందనుకోండి. పోస్ట్‌గ్రెస్‌కి అది క్షణంలో పని: ఆ ట్రాన్సాక్షన్ చెల్లదని గుర్తు పెడితే చాలు, పాత వరుసలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇన్నోడీబీ పక్క పుస్తకం తెరిచి ఒక్కో వరుసనీ వెనక్కి దిద్దుకుంటూ రావాలి. రద్దు చేయడానికి చాలాసేపు పట్టి జనం కంగారుపడేది ఇక్కడే. అదే, పని సజావుగా ముగిసిందనుకోండి. ఇన్నోడీబీ టేబుల్ దాదాపు ఎప్పటిలాగే ఉంటుంది, పక్క పుస్తకంలో పాత కాగితాలు వెనకాల తొలగిపోతాయి. పోస్ట్‌గ్రెస్ టేబుల్‌లో పది లక్షల చచ్చిన వరుసలు ఊడ్పు కోసం కాచుకుని ఉంటాయి. వదిలేసిన ట్రాన్సాక్షన్ ఇన్నోడీబీనీ బాధిస్తుంది. కాకపోతే అక్కడ ఉబ్బేది పక్క పుస్తకం.

పోస్ట్‌గ్రెస్‌కి ఊడ్పు తప్పనిసరి కావడానికి ఇంకో కారణం కూడా ఉంది. ట్రాన్సాక్షన్ నంబర్లు 32 బిట్లవి, సుమారు 400 కోట్ల దగ్గర అయిపోయి మళ్లీ మొదటికొస్తాయి. ఆలోపు పాత వరుసల మీద ‘ఇది అందరికీ చెల్లుతుంది’ అని శాశ్వత ముద్ర వేసేది కూడా వాక్యూమే. దాన్ని వేగానికి అడ్డమని ఆపేసేవాళ్లు కొంతకాలం లాభపడినట్టే ఉంటారు. ఆ ముద్ర సకాలంలో పడకపోతే డేటాబేస్ కొత్త రాతలకు ఒప్పుకోకుండా మొరాయిస్తుంది.

ఇల్లు మారితే ఎవరెవరికి చెప్పాలి?

ఇండెక్సుల దగ్గర ఈ తేడా ఇంకా పెద్దదవుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ ఒక కుప్ప, ఖాళీ ఉన్నచోట వరుస పడుతుంది. ఫోన్ నంబర్ మీద ఇండెక్స్ ఉంటే, అందులో ఆ వరుస ఏ పేజీలో ఎన్నో చోటున ఉందో రాసి ఉంటుంది. ఇంటి నంబర్ తెలిసినట్టే, నేరుగా వెళ్లొచ్చు. వరుస దిద్దితే కొత్త వరుస కొత్త చోట పడుతుంది కాబట్టి, టేబుల్ మీద ఎన్ని ఇండెక్సులుంటే అన్నింటిలో కొత్త చిరునామా చేర్చాలి. ఇండెక్స్ ఉన్న గడి ఏదీ మారకుండా, కొత్త వరుసకు అదే పేజీలో చోటు దొరికితే మాత్రం ఈ శ్రమ తప్పుతుంది. ఇల్లు మారకుండా గది మారినట్టన్నమాట. ఈ వెసులుబాటు 2008లో 8.3తో వచ్చింది.

ఇన్నోడీబీలో టేబుల్ అంతా ప్రైమరీ కీ వరుసలో పేర్చిన చెట్టు. మిగతా ఇండెక్సుల్లో చిరునామా ఉండదు, ప్రైమరీ కీ మాత్రమే ఉంటుంది. ఫోన్ నంబర్‌తో వెతికితే ముందు కీ దొరుకుతుంది, ఆ కీతో మళ్లీ అసలు చెట్టు దిగాలి. చదివేటప్పుడు రెండు ప్రయాణాలు. ప్రతిఫలంగా, వరుసలో ఒక్క గడి మారితే ఆ గడితో సంబంధం లేని ఇండెక్సులేవీ కదలవు.

2013లో మైఎస్‌క్యూఎల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి మారిన ఉబర్, 2016లో మళ్లీ మైఎస్‌క్యూఎల్ వైపు మళ్లుతున్నామని ప్రకటించింది. అప్పుడు చెప్పిన ప్రధాన కారణాల్లో ఇదొకటి. ఇండెక్సులు చాలా ఉన్న టేబుల్‌లో చిన్న దిద్దుబాటు కూడా అనేక రాతలవుతుంది. ఆ రాతలన్నీ చిట్టాకెక్కి, నకలు సర్వర్లకు నెట్‌వర్క్ మీదుగా మళ్లీ ప్రయాణిస్తాయి. ఆ వ్యాసం చదివి చాలామంది పోస్ట్‌గ్రెస్ పనికిరాదనుకున్నారు. అందులో ఉన్న పాఠం అంతకంటే చిన్నది, పనికొచ్చేది: వాళ్ల పని అదేపనిగా దిద్దే పని, ఆ పనికి ఆ ఖర్చు భారమైంది.

ఇన్నోడీబీకీ ఇలాంటి బలహీనతే ఉంది. క్రమం లేని పొడుగాటి కీలను ప్రైమరీ కీగా పెడితే కొత్త వరుసలు చెట్టంతా చెల్లాచెదురుగా పడతాయి, పేజీలు చీలిపోతాయి, ప్రతి ఇండెక్సూ ఆ పొడుగాటి కీని మోయాల్సి వస్తుంది. కీ పెరుగుతూ పోయే సంఖ్య అయితే అదే చెట్టు హాయిగా చివర పెరుగుతుంది.

కొలత ఎవరిది?

ఇంత వివరం ఒక్క అంకెలో ఇముడుతుందా అన్న ప్రశ్న పాతదే. 1983లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన దీనా బిట్టన్, డేవిడ్ డెవిట్, కరోలిన్ టర్బీఫిల్ అప్పటి డేటాబేసుల్ని పద్ధతి ప్రకారం కొలిచి, పేర్లతో సహా ఫలితాలు ప్రచురించారు. ఒరాకిల్‌కి ఆ ఫలితాలు రుచించలేదు. తన అనుమతి లేకుండా కొలతలు ప్రచురించకూడదన్న షరతు ఆ తర్వాత దాని లైసెన్సుల్లో చేరింది. ఇప్పటికీ దాన్ని ‘డెవిట్ క్లాజ్’ అనే పిలుస్తారు. బహిరంగ సాఫ్ట్‌వేర్ అయిన పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌ల గురించి ఇంత వివరంగా మాట్లాడుకోగలగడం మనకు దక్కిన పెద్ద సౌకర్యం.

ఎవరి అంకెలు వాళ్లు చాటుకునే పరిస్థితి చక్కదిద్దడానికి 1988లో టీపీసీ అనే మండలి ఏర్పడింది. 1992లో అది ఆమోదించిన టీపీసీ-సీ ఒక టోకు వ్యాపారాన్ని ఊహిస్తుంది: గిడ్డంగులు, ఒక్కో గిడ్డంగి కింద 10 జిల్లాలు, ఒక్కో జిల్లాలో 3,000 మంది ఖాతాదారులు. కొత్త ఆర్డరు, చెల్లింపు, ఆర్డరు స్థితి, సరుకు బట్వాడా, నిల్వ తనిఖీ అనే అయిదు రకాల పనులు కలగలిసి నడుస్తుంటే, నిమిషానికి ఎన్ని కొత్త ఆర్డర్లు తెగాయో లెక్కిస్తారు. ఆ వేగానికి ఎంత డబ్బయిందో కూడా చెప్పి తీరాలి.

ఇంట్లో కూర్చుని చేసే పోలికల్లో ఈ క్రమశిక్షణ తరచుగా ఉండదు. ఒకదానికి ప్రతి కమిట్‌కీ డిస్క్ దాకా వెళ్లమని, రెండోదానికి సెకనుకోసారి వెళితే చాలని అమర్చి పోలిస్తే రెండోది చాలా ముందుంటుంది. కరెంటు పోతే ఆ చివరి సెకను పద్దులు గల్లంతవుతాయన్న సంగతి గ్రాఫ్‌లో కనబడదు. రెండు నిమిషాల పరీక్షలో ఊడ్పు ఖర్చు తేలదు, రెండు గంటలకు తేలుతుంది. డేటా అంతా మెమరీలో పట్టినప్పుడు వచ్చిన అంకె, పట్టనప్పుడు వచ్చేదాని గురించి ఏమీ చెప్పదు. సగటు చూసి మురిసిపోతే, నూటికి ఒకరు ఎంతసేపు కాచుకున్నారో తెలియదు. ఆ ఒకరే ఫోన్ చేసి అడిగేది.

ఇంకో మాట. ఉండాల్సిన ఒక ఇండెక్స్ లేకపోతే వచ్చే తేడా ఈ రెండు డేటాబేసుల మధ్య తేడాను మింగేస్తుంది. ‘ఎక్స్‌ప్లెయిన్’ అని ముందు చేర్చి క్వెరీని నడిపితే, ఏ దారిన వెతకబోతోందో రెండూ చెబుతాయి. డేటాబేస్ మార్చాలన్న చర్చ మొదలయ్యే ముందు ఆ జవాబు చదవడం మన ధర్మం.

సదుపాయాలు, నిక్కచ్చితనం

సదుపాయాల్లో చాలాకాలం పోస్ట్‌గ్రెస్ ముందుంది. విండో ఫంక్షన్లు దానికి 2009లో వచ్చాయి, మైఎస్‌క్యూఎల్‌కి 2018లో 8.0తో. మ్యాపులు, భూముల సరిహద్దుల లెక్కలకు పోస్ట్‌జీఐఎస్, టేబుల్‌లో కొన్ని వరుసలకే పరిమితమైన ఇండెక్సులు, కొత్త రకాల డేటాను బయటి నుంచి చేర్చుకునే వీలు దాని బలాలు. టేబుల్ నిర్మాణాన్ని మార్చే ఆదేశాలను కూడా ట్రాన్సాక్షన్‌లో పెట్టి, నచ్చకపోతే మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో అలాంటి ఆదేశం రాగానే అంతవరకు చేసింది దానంతటదే కమిట్ అయిపోతుంది.

మైఎస్‌క్యూఎల్ బలం వేరే చోట ఉంది. నకలు సర్వర్లు పెట్టుకోవడం దానికి చాలాకాలంగా తేలిక. పోస్ట్‌గ్రెస్‌లో చిట్టాని నిరంతరం ప్రవహింపజేసే ఏర్పాటు 2010లో 9.0తో గాని రాలేదు. ప్రతి కనెక్షన్‌కీ మైఎస్‌క్యూఎల్ ఒక త్రెడ్‌తో సరిపెడుతుంది. పోస్ట్‌గ్రెస్ ఏకంగా ఒక ప్రాసెస్‌ని కేటాయిస్తుంది, అందుకే వేల కనెక్షన్లు వచ్చేచోట దాని ముందు పీజీబౌన్సర్ లాంటి ద్వారపాలకుణ్ని నిలబెడతారు.

నన్ను ఎక్కువ పట్టి కుదిపేది నిక్కచ్చితనం. ‘వయసు సున్నా కంటే తక్కువ ఉండకూడదు’ అని టేబుల్‌లో షరతు రాస్తే, మైఎస్‌క్యూఎల్ చాలా ఏళ్లపాటు దాన్ని చదివి, తప్పు పట్టకుండా, పక్కన పడేసేది. 2019లో 8.0.16తో గాని ఆ షరతు అమలు కాలేదు. పట్టని విలువను కత్తిరించి దాచుకుని ఊరుకునే అలవాటు కూడా 2015లో 5.7 దాకా సాగింది.

ఆ అలవాటు తెలుగువాళ్లకు తగిలింది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు కావాలి. ‘శ్రీ’ మన కంటికి ఒక అక్షరం. డేటాబేస్‌కి అది శ, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిసి 4 సంకేతాలు, డిస్క్ మీద 12 బైట్లు. పేరుకి 20 అక్షరాల గడి చాలనుకుని టేబుల్ కట్టినవాళ్లు తెలుగు పేర్లు రాగానే ఇరుక్కునేది ఇందుకే. రెండు డేటాబేసులూ లెక్కపెట్టేది సంకేతాలనే. ఇక మైఎస్‌క్యూఎల్‌లో ‘యూటీఎఫ్8’ అని పేరున్న పాత ఏర్పాటు సంకేతానికి 3 బైట్లు మించి ఒప్పుకునేది కాదు. తెలుగు సరిగ్గా అందులో పట్టేది కాబట్టి అంతా బాగుందనిపించేది. సంక్రాంతి శుభాకాంక్షలు రాసి, మధ్యలో చేతులు జోడించిన బొమ్మ పెట్టి, కింద ఇంకో రెండు వాక్యాలు రాశారనుకోండి. ఆ బొమ్మకు 4 బైట్లు కావాలి. నిక్కచ్చిగా లేని అమరికలో బొమ్మతో పాటు ఆ తర్వాతి వాక్యాలు కూడా పోయేవి. పంపినవాళ్లకి తెలిసేది కాదు, అందుకున్నవాళ్లకీ తెలిసేది కాదు. నాలుగు బైట్లూ పట్టే ‘యూటీఎఫ్8ఎంబీ4’ ఏర్పాటు 8.0 నుంచి అడక్కుండానే అమరుతోంది. పాత టేబుళ్లు మాత్రం మనం మార్చేదాకా పాతవే.

ఎంచుకునే ముందు

దిద్దుబాట్లు విపరీతంగా ఉండి, ఎక్కువగా కీ పట్టుకుని వెతికే పని అయితే ఇన్నోడీబీ నిర్మాణం దానికి బాగా నప్పుతుంది. చిక్కుముడి ప్రశ్నలు, రకరకాల డేటా, షరతుల మీద షరతులు ఉండే పనికి నేనైతే పోస్ట్‌గ్రెస్ తీసుకుని, ఊడ్పు మీద ఒక కన్నేసి ఉంచుతాను. ఇంతకు మించి తేల్చి చెప్పాలంటే మీ డేటా చూడాలి.

కాబట్టి మీ డేటానే రెండింటిలోకీ ఎక్కించండి, తెలుగు పేర్లతో సహా. మీ అసలు క్వెరీలు నడపండి. ఒక రాత్రంతా నడవనివ్వండి, మధ్యలో ఒక ట్రాన్సాక్షన్ తెరిచి వదిలేయండి. తెల్లవారి రెండింటి వేగం ఎలా ఉందో రాసుకోండి. ఆఖరున ఒక పరీక్ష. కమిట్ అయిందని డేటాబేస్ చెప్పిన ప్రతి ఆర్డరు నంబరూ పక్క కంప్యూటర్‌లో నమోదయ్యేలా పెట్టి, పని జోరుగా సాగుతుండగా ఆ పరీక్ష సర్వర్ ప్లగ్ పీకేయండి. మళ్లీ ఆన్ చేసి రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టండి. పక్క కంప్యూటర్‌లో ఉన్న ప్రతి నంబరూ టేబుల్‌లో ఉండాలి. ఒక్కటి తగ్గినా, రాత్రంతా రాసుకున్న వేగం అంకెలన్నీ కొట్టేసి, అమరిక సరిచేసి, మళ్లీ మొదటి నుంచి కొలవాలి.